పిల్లి పేరు రాశారు

దమ్మామ్ నుంచి రియాద్ వెళ్లే బస్సులో పక్క సీటాయన, శ్రీకాకుళం వెల్డరు, తన ఫోను నాకు చూపించాడు. అందులో ఒక పాత బ్రిటిష్ లైట్ క్రూయిజర్ చరిత్ర ఉంది. ఆ యుద్ధనౌక ఇంజన్ గదిలో పనిచేస్తూనే వాళ్ల తాత చనిపోయాడట.

"ఏ రేవులో ఆగిందో, ఎన్ని గుండ్లు పేల్చిందో అన్నీ రాసినారు. ఓడలో పిల్లి పేరు కూడా ఉంది. మా తాత పేరు నేదు," అన్నాడు.

"పాత ముచ్చట గదా అన్నా," అన్నాను.

ఆయన కళ్లు ఎర్రబడ్డాయి. "పాతదేటి? మొన్న మా యార్డులో ఓడ ట్యాంకు కడుగుతూ మావోడు పోనాడు. రిపోర్టులో ఏటి రాసినారో తెలుసా? పని మూడు గంటలు ఆగిందని."

రియాద్ చేరాక బతా బజారు దగ్గర ఆయన దిగి వెళ్లిపోయాక నామీద నాకే కోపమొచ్చింది. అంతసేపు పక్కనే కూర్చుని, ఆయన పేరు నేనూ అడగలేదు.