చెక్క పలకకు బదులు

నేనడిగిన ప్రశ్నకు ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలేదు. అడిగింది పోయిన ఎండాకాలంలో. ఆ తర్వాత వానలు పడ్డాయి, మా ఊళ్లో పత్తి గింజలు నాటారు, మిరప నారు పోశారు, పత్తి తీతలు అయిపోయాయి, మళ్లీ మిరప కోతలు కూడా వచ్చేశాయి. నా ప్రశ్న మాత్రం ఫోనులో చూసిన ఒక వీడియో కింద అలాగే పడి ఉంది. దాని పైన "సూపర్ బ్రో" అని రాసినవాడికి గుండె బొమ్మ పెట్టారు. దాని కింద "నేనే ఫస్ట్" అని రాసినవాడికి, వాడు ఫస్ట్ కాకపోయినా, గుండె బొమ్మ పెట్టారు. నా ప్రశ్నకు అదీ లేదు. ఒకప్పుడు పెళ్లి భోజనాల్లో గోంగూర గిన్నె పట్టుకుని నా విస్తరి దాటి వెళ్లిపోయినవాడి ముఖం నాకిప్పటికీ గుర్తుంది. ఇదీ గుర్తుంటుంది.

అసలు విషయం నా భార్య మోకాళ్లది. మా ఇంట్లో ఏడాదికి సరిపడా కారం ఎండాకాలంలోనే పట్టించుకుంటాం. మిరపకాయలు మేడమీద పోసి, గలగలలాడేదాకా ఎండబెట్టి, తొడిమలు తీసి మిల్లుకు తీసుకెళ్తాం. తొడిమలు తీయడమంటే నేలమీద బాసిపట్టు వేసుకుని గంటల తరబడి కూర్చోవడమే. పోయిన ఎండాకాలానికి ఆవిడ మోకాళ్లు మొండికేశాయి. కూర్చుంటే లేవలేదు, లేస్తే మళ్లీ కూర్చోలేదు. ప్లాస్టిక్ కుర్చీ వేస్తే నేలమీది కాయలు చేతికందవు.

"ఈ ఏడాదికి ప్యాకెట్ కారం కొనుక్కో అక్కా," అన్నాడు నా బామ్మర్ది. చీమకుర్తిలో గ్రానైటు కోసే యూనిట్లో సూపర్‌వైజరు వాడు.

"ఒరేయ్, మిరప చేల మధ్య పుట్టి ప్యాకెట్ కారమా? మా అత్తగారు పైనుంచి చూసి తిట్టుకోదూ?" అంది ఆవిడ.

అత్తగారంటే మా అమ్మే. కాబట్టి పూచీ నామీద పడింది. నేలమీద కూర్చోకుండా, కాయలు చేతికందేటట్టు ఆవిడకొక ఆసనం కావాలి. వడ్రంగికి కబురు పెడితే "రేపొస్తానండీ" అన్నాడు. ఆ రేపు ఇంకా రాలేదు.

అప్పుడు నా ఫోనులో ఆ వీడియో కనిపించింది. ఇంట్లో ఉన్న వస్తువులతోనే పొట్టి బెంచీ, అదీ పది నిమిషాల్లో. "హాయ్ ఫ్రెండ్స్" అంటూ ఇస్త్రీ నలగని చొక్కాలో ఒక కుర్రవాడు వచ్చాడు. ఇంట్లో ఉన్న వస్తువులంటూ డ్రిల్లింగ్ మిషను తీశాడు. చెక్క కోసే మిషను తీశాడు. చెక్క నునుపు చేసే మిషను ఇంకొకటి తీశాడు. మా ఇంట్లో ఉన్నవి పిడి ఊగే సుత్తి, ఒక కటింగ్ ప్లయరు, ఎప్పుడో గోడగడియారం తగిలించగా మిగిలిన మేకులు. అతనుండే ఇల్లు ఒకసారి చూడాలని నాకు మహా కోరికగా ఉంది. పోనీ అని చూస్తూ కూర్చుంటే, సరిగ్గా పలక బిగించే చోటికి వచ్చేసరికి మాటలు ఆగిపోయి పాట మొదలైంది. చేతులు గబగబా కదిలాయి, బెంచీ తయారైపోయింది. పెళ్లి వీడియోలో తాళి కట్టే భాగం కోసేసినట్టు.

అయినా నేను వదలలేదు. ఆపి ఆపి చూశాను. కాళ్లకు బదులు సిమెంటు ఇటుకలు పేర్చుకోవచ్చని నాకే తోచింది. చిక్కల్లా పైన వేసే చెక్క పలకతోనే. మా వైపు పత్తి కట్టె కావాలంటే బండ్లకొద్దీ దొరుకుతుంది. దానితో పొయ్యి మండుతుంది గాని దానిమీద మనిషి కూర్చోలేడు. అందుకే వీడియో కింద రాశాను. "అయ్యా, చెక్క పలక లేనివాళ్లు దానికి బదులు ఏం వాడాలో దయచేసి చెప్పండి." మర్యాదకు ఎక్కడా లోటు చేయలేదు.

జవాబు రాలేదు. కాయలు మాత్రం మేడమీద ఎండిపోతున్నాయి. మా ప్రాంతంలో పలక అనగానే మనిషికి ఏం గుర్తొస్తుంది? గ్రానైటు. గడపలు అవే, వంటింటి గట్లు అవే, బట్టలుతికే బండలూ అవే. బామ్మర్దికి ఫోను చేస్తే, కోతలో మిగిలిన నల్లరాతి ముక్క ఒకటి వేసుకొచ్చాడు. తన దగ్గర పనిచేసే మనిషీ తనూ చెరోవైపు పట్టి మేడ ఎక్కించారు.

"ఇది బెంచీయా బావా, శిలాఫలకమా? పేరు చెక్కిస్తే ఎమ్మెల్యే చేత రిబ్బన్ కత్తిరింపించవచ్చు!"

"ముందు దించరా. మాటలు తర్వాత."

ఇటుకల మీద రాయి చక్కగా కుదిరింది. పక్కన నవారు మంచం వేసి, దానిమీద పట్టా పరిచి, కాయలు దానిమీదికి ఎత్తాను. ఇక వంగే పని లేదు. సాయంత్రం ఎండ వాలాక నా భార్యను పిలిచాను. ఆవిడ మెట్లు నిదానంగా ఎక్కి వచ్చి, చీర సర్దుకుని కూర్చుంది.

మరుక్షణం "అమ్మో!" అని లేచి నిలబడింది. చెయ్యి పట్టుకుని లేపితే తప్ప లేవని మనిషి! మందులు చేయని పని రాయి చేసింది. మేడ నేల చల్లబడింది గాని, నల్లరాయి పొద్దుటినుంచీ తాగిన ఎండ ఒక్క బొట్టు కూడా వదల్లేదు.

"ఏమండీ, ఇది కూర్చోడానికా, అట్లు పోయడానికా?"

"నూనె తేనా అక్కా?" అన్నాడు బామ్మర్ది.

వాడి మాటకు జవాబుగా నేను కిందికెళ్లి ఒక గోతాం తెచ్చి, నాలుగు మడతలు పెట్టి రాతిమీద వేశాను. ఆవిడ అనుమానంగానే కూర్చుంది. ఈసారి బాగానే ఉందంది. ఒక గుప్పెడు కాయలు ఒళ్లోకి తీసుకుంది. కాసేపటికి అటు జరిగింది. తర్వాత ఇటు జరిగింది.

"ఏమండీ, ఈ గోతాం ఎక్కడిది?"

"మిరపకాయలు తెచ్చినదేనే."

ఆవిడ కాయలు అక్కడే పడేసి కిందికి వెళ్లింది. స్నానాల గదిలో చాలాసేపు నీళ్ల చప్పుడు వినిపించింది. బామ్మర్ది నవ్వలేక పిట్టగోడ పట్టుకుని కూలబడ్డాడు. ఆవిడ తిరిగొచ్చి, "రాతిమీద కాల్చారు, కారం కూడా పెట్టారు. ఉప్పొక్కటే తక్కువైంది!" అంది. కోపంగానే మొదలుపెట్టింది గాని చివరికి తనే నవ్వేసింది. నేను మాత్రం నవ్వలేదు. రాశి పోసిన కాయలు రాశిగానే ఉన్నాయి.

మర్నాడు ఆవిడే అటకమీది పత్తి దింపించింది. చిరిగిన చీరాల చీరను మడిచి, పత్తి కూరి, మందంగా బొంత కుట్టింది. రాతి పైన నేనొక దుప్పటితో పందిరి కట్టాను. ఆవిడ కూర్చుంది. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. అటూ ఇటూ జరగలేదు. తొడిమలు టపటపా రాలడం మొదలైంది. పక్కింటి వదినగారు కూడా వచ్చి ఆవిడ పక్కన సర్దుకుంది. కబుర్లతో కాయలన్నీ అయిపోయాయి. మిల్లు నుంచి ఎర్రటి కారం ఇంటికొచ్చిన రోజు ఇంటిల్లిపాదీ తుమ్ములే. ప్యాకెట్ కొనుక్కోమన్న బామ్మర్దే మొదటి డబ్బా పట్టుకెళ్లాడు. నేను అడ్డుకోలేదు. గుర్తుపెట్టుకున్నాను.

ఒక మాట ఒప్పుకోవాలి. ఆ వీడియో చూడకపోతే నేనింకా వడ్రంగి కోసం వీధివైపు చూస్తూ ఉండేవాణ్ని. నాలాంటివాడు కూడా ఇటుకలు పేర్చి ఏదో ఒకటి చేయగలడన్న ధైర్యం ఆ కుర్రవాడే ఇచ్చాడు. అందుకే బొంతతో సహా బెంచీ ఫొటో తీసి పంపాను. దానికి గుండె బొమ్మ వచ్చింది! నేను పంపిన ఫొటో నచ్చింది, అడిగిన ప్రశ్న కనపడలేదు.

ఇప్పుడు మళ్లీ అవసరం వచ్చిపడింది. నా భార్యకు బెంచీ ఉంది. పక్కింటి వదినగారికి కూడా మోకాళ్లు పట్టేశాయి, ఆవిడకూ ఒకటి చేయించి పెడతానని నా భార్య నన్ను అడక్కుండానే మాట ఇచ్చేసింది. ఇంకో రాయి మొయ్యమంటే బామ్మర్ది, "నా నడుం గ్రానైటుది కాదు బావా," అని ఫోను పెట్టేశాడు. వదినగారి మేడమీద కాయలు పోసేశారు కూడా.

అందుకని బాబూ, మళ్లీ అడుగుతున్నాను. గుండె బొమ్మ వద్దు, దండం బొమ్మ వద్దు. చెక్క పలక లేనివాళ్లు, మోసే మనిషి లేనివాళ్లు, ఎండలో కూర్చోవలసినవాళ్లు, ఆ పలకకు బదులు ఏం వెయ్యాలి? ఒక్క ముక్కలో జవాబు చెప్పు.