ఐదో గడి

కోపం నాకు పుట్టుకతోనే వచ్చింది. నౌకాదళంలో చేరాక దానికి జీతం కూడా దొరికింది. యుద్ధకాలంలో బొంబాయిలో కొత్తవాళ్లకు పాఠం చెప్పే పని నాది. ఏ పడవ ఏ పనిమీద కదలాలన్నా ముందు కాగితం మీద ఐదు గడులు గీసి నింపాలి. చేయాల్సిన పని ఏమిటి, చేతిలో ఏముంది, ఏ దారిన పోతున్నాం, ఎవరి పని ఏది. ఈ నాలుగోదాకా ఎవడైనా రాస్తాడు. ఐదోది, అనుకున్నది చెడితే ఏం చేస్తాం? ఆ గడి ఖాళీగా తెచ్చినవాణ్ణి మిట్టమధ్యాహ్నం మైదానం చుట్టూ పరిగెత్తించేవాణ్ణి. అంతటి మొనగాణ్ణి, సొంత ఊరికి వచ్చి ఆ గడినే వదిలేశాను. దాంతో ఒక మనిషి పోయాడు. ఇంతకాలం ఈ మాట ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు.

యుద్ధం ముగిసి నన్ను తిరుపతికి పంపేసిన ఏడాది, శ్రీహరికోట నుంచి సరుగుడు కట్టెలు సరస్సు దాటించి రైలుకెక్కించే పడవల సర్వీసు ఒకటి ఉండేది. యజమానిది మా ఊరే, కట్టెల డిపో రేణిగుంటలో. రెండు పడవలు ఒకే రేవుకు పోతాయి, ఇంకో రేవులో కట్టెలు వానకు నానుతుంటాయి. రోజూ రభసే. ఆయన నన్ను పిలిపించి, "మీ నేవీ పద్ధతేందో మా సరంగులకీ నేర్పించప్పా" అన్నాడు. ఇంక నన్ను పట్టేదెవరు?

పడవ నడిపే పెద్దలే సరంగులు. కొండ మొక్కు తీర్చుకునేందుకు వచ్చిన ఎనిమిదిమందిని యజమాని నాకోసం సత్రంలో మూడు రోజులు ఆపాడు. వసారాలో ఎనిమిది గుండ్లు, వాటిమీద ఆరిపోయిన గంధం. నేలమీద సుద్దతో గడులు గీసి మొదలుపెట్టాను. వాళ్లలో పెద్ద సరంగు మద్రాసు రేవులో చాలాకాలం పనిచేసి వచ్చినవాడు, చదవనూ రాయనూ వచ్చు. "పప్పులో చింతపండు పిసికేదానికి గూడా ఐదు గడులు గీయమంటాడేమబ్బా ఈ అయ్యవారు!" అని మొదటిరోజే అందరినీ నవ్వించాడు. నాకు ఒళ్లు మండింది. కానీ రెండోరోజుకు నాలుగు గడులూ అందరికంటే ముందు పట్టుకున్నదీ ఆయనే. ఏ రేవులో నీళ్లు ఎంత లోతో, ఏ గాలికి ఏ దారో చెబుతుంటే, బొంబాయిలో నా పై అధికారులు ఈయన ముందు దిగదుడుపే అనిపించింది.

మూడోరోజు ఐదో గడి దగ్గర బండి ఆగింది. "నడిమధ్యలో గాలి తిరిగితే ఏం చేస్తావు?" అని అడిగాను.

పెద్ద సరంగు గొంతు సవరించుకున్నాడు. "గంగమ్మకు దండం పెట్టి పడవెక్కే నోటితో మునిగిపోతే అని ఎట్లంటాము అయ్యవారూ? బయల్దేరేటప్పుడు ఆ మాటేల?"

"అనొద్దు. రాయి."

"రాసేది మాత్రం మాట కాదా ఏంది?"

"రాస్తావా రాయవా?" అని అరిచాను. ఆయన సుద్ద తీసుకుని, నిదానంగా, గుండ్రటి అక్షరాలతో ఐదో గడిలో ‘గోవిందా’ అని రాశాడు.

వసారా గొల్లుమంది. మా ఊళ్లో అది కొండెక్కేవాడి మొక్కు. చేజారిపోయినదాన్ని చెప్పాలన్నా అదే మాట. నాకూ నవ్వాగలేదు. నవ్వాక కోపం ఎక్కడినుంచి వస్తుంది? పైగా నేను యుద్ధానికి పోయేరోజు, "ఒకవేళ నేను రాకపోతే" అనబోయిన నా నోటిని మా అమ్మ అరచేత్తో మూసేసింది. ఆ భయం నాకు తెలియనిదా? అదీగాక ఆ సాయంత్రం పాఠం పూర్తయిందని యజమానితో చెప్పాలి, శభాష్ అనిపించుకోవాలి. "సరేలే, అందరూ ఆ గడిలో అదే రాయండి" అన్నాను. నిజం చెప్పాలంటే ఆ శభాష్ కోసమే అన్నాను.

వానాకాలందాకా సర్వీసు బ్రహ్మాండంగా నడిచింది. యజమాని నన్ను పదిమందిలో పొగిడి, డిపోలోనే ఉద్యోగం ఇచ్చాడు. కార్తీకంలో ఒకరోజు పెద్ద సరంగు నిండా కట్టెలతో, ఇద్దరు మనుషులతో బయలుదేరాడు. నడిమధ్యలో గాలి తిరిగింది. ఇద్దరూ కట్టెలు పట్టుకుని ఒడ్డుకు చేరారు. ఆయన మాత్రం చేరలేదు.

రేణిగుంట డిపోలో ఆ ఇద్దరూ చెప్పింది నేను విన్నాను. "సరుకు నీళ్లలోకి తోసేద్దాం, పడవ తేలికైతాది అన్నామయ్యా. ‘యజమాని సరుకు, మనం తోసేదెట్లా? అట్ల చేయొచ్చని ఎవురు చెప్పినారు?’ అన్నాడు."

ఎవరు చెప్పాలి? నేను చెప్పాలి. ‘గాలి తిరిగితే సరుకు వదిలెయ్, మనిషిని కాపాడుకో’ అని బొంబాయిలో ఐదో గడిలో నేను రాయించని రోజు లేదు. ఆ గడి ఉన్నదే అందుకు. అపశకునం పలకడానికి కాదు, ఆపదలో చేయదగిన పనికి ముందే అనుమతి ఇవ్వడానికి. ఈ ఒక్క ముక్క ఆ వసారాలో చెప్పి ఉంటే ఆయన నాకంటే బాగా రాసేవాడు. నేను అరిచాను, తర్వాత నవ్వాను, చెప్పడం మాత్రం మానేశాను.

బయల్దేరేముందు పెద్ద సరంగు రాసిచ్చిన కాగితం యజమాని నా ముందు పెట్టాడు. "ఐదో దాంట్లో ఇదేంది? ఇట్లా రాయమని నేర్పించినావా?"

సరంగులందరూ అక్కడే నిలబడి ఉన్నారు. గోడవారగా పెద్ద సరంగు భార్య కూర్చుని ఉంది. ఉద్యోగం గుర్తొచ్చింది, పొగిడిన ఆ పదిమందీ గుర్తొచ్చారు.

"నేను చెప్పినాను అయ్యా. ఆయనే ఇనలేదు" అన్నాను.

ఏడుగురిలో ఒక్కరూ నోరు విప్పలేదు. నా కోపానికి భయపడ్డారో, నా ముఖం చూసి జాలిపడ్డారో ఇప్పటికీ తెలియదు. యజమాని తల పంకించి లోపలికి పోయాడు.

ఆమె లేచి నా దగ్గరికి వచ్చింది. మర్నాడు పూతలపట్టులో అన్న ఇంటికి పోతోందట. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండు అని కూడా అనుకున్నాను. ఆమె కొంగు భుజాల చుట్టూ కప్పుకుని రెండు చేతులూ జోడించింది.

"ఆయప్పకు మొండితనం జాస్తి అయ్యవారూ. మీరు అంతగా చెప్పినా ఇనుకోకుండా పోయినాడు. మీకు మాట తెచ్చినాడు. తప్పు మాదే, మనసులో పెట్టుకోవాకండి."

నేను ఆమె ముఖం చూడకుండా, "పర్వాలేదులేమ్మా" అన్నాను.