రమ్మని పెట్టిన పొగ

ఇల్లు అద్దెకు సిద్ధం చేయడమంటే ఏముందండీ, గోడలకు రంగు వేయించడం, కారే కుళాయికి వాషర్ మార్పించడం, అంతేగా అనుకుంటారు మీరు. నేను మా పైవాటా సిద్ధం చేసిన తీరుకు దర్శిలో మా వీధి వీధంతా కళ్లు తుడుచుకుంది. కంగారుపడకండి, ఎవరూ పోలేదు. పోయింది నా పరువొక్కటే.

అప్పటికి మాకు పెళ్లయి ఏడాది. మా ఆవిడ పద్మది మంగళగిరి. తెల్లారితే మగ్గాల చప్పుడు, అక్కచెల్లెళ్లు, పిన్నమ్మలు, వచ్చేవాళ్లు, పోయేవాళ్లు. అలాంటి ఇంట్లో పెరిగిన మనిషి. నేనేమో పొద్దున విత్తనాల కొట్టుకు వెళితే చీకటిపడ్డాకే ఇంటికి రావడం. "మాట్లాడే మనిషి లేక నా గొంతు నాకే కొత్తగా ఉంటోందండీ" అంది ఒకరోజు. నవ్వుతూనే అంది గానీ నాకు మనసులో కలుక్కుమంది. పైవాటా అద్దెకిద్దామని ఆ పూటే చెప్పాను.

దేవుడు మేలు చేసి ఉమ గారు దొరికారు. హైస్కూల్లో టీచరు, పుట్టిల్లు మంగళగిరే. ఇల్లు చూడడానికి వచ్చిన రోజు ఆవిడా పద్మా మెట్ల మీద నిలబడి గంటసేపు మాట్లాడుకున్నారు. పద్మ అంతసేపు నవ్వడం నేను దర్శిలో అంతకుముందు చూడలేదు. అయితే ఉమ గారు వెళ్తూ వెళ్తూ ఇంకో ఇల్లు కూడా చూశామని చెప్పారు. గురువారం పొద్దున పాలు పొంగించడానికి గిన్నెతో సహా వస్తారట. కానీ గడపలో వాళ్లత్తగారు కోటమ్మ గారికి మనసొప్పకపోతే ఆ గిన్నె అలాగే పట్టుకుని రెండో ఇంటికి పోతారట.

ఇక్కడే ఉంది చిక్కు. అంతకుముందు మూడు నెలలు ఆ వాటాలో మా బాబాయి మిరపకాయల బస్తాలున్నాయి. కోల్డ్ స్టోరేజీలో చోటు దొరికాక బస్తాలు వెళ్లాయి గానీ ఘాటు వెళ్లలేదు. పద్మకు ఆ దుమ్ము పడదు, తుమ్ములాగవు. "నువ్వు పైకి రాకు, నేనున్నానుగా" అన్నాను. ఊడ్చింది ఊడ్చినట్టే బయట పారబోసి, నేలా గోడలూ తడిగుడ్డతో రెండుసార్లు తుడవమని మరీమరీ చెప్పింది.

బుధవారం కొట్టుకు సెలవు పెట్టి ఊడ్చాను. గింజలు, తొడిమలు, రంగు పోయి తెల్లబడ్డ తాలుకాయలు బోలెడు వచ్చాయి. తర్వాత పారబోద్దాంలే అని, మూలనున్న పాత ఇనప బాండీలో ఎత్తిపెట్టాను. గుడ్డ తడుపుకుని కిటికీ తెరిచాను. అంతే.

జిన్నింగు మిల్లు వైపు నుంచి దూదిపింజలు ఎండలో తేలుతూ వస్తున్నాయి. ఒకటి కిటికీలోంచి లోపలికొచ్చి, ఎక్కడ వాలాలో తేల్చుకోలేక గది మధ్యలో ఆగింది. దాన్ని చూస్తూ కిటికీ గట్టు మీద కూర్చున్నాను. ఈ గదిలో పొద్దున్నే కుక్కరు కూత వేస్తుంది, కింద నుంచి పద్మ "ఉమక్కా, కరివేపాకుందా" అని కేకేస్తుంది, సాయంత్రం ఇద్దరూ మేడ మీద వడియాలు తీస్తూ నవ్వుకుంటారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమని మనవాళ్లు ఊరికే అన్నారా. ఉమ గారికి పిల్లలున్నారో లేదో నాకు తెలియదు, వాళ్ల పిల్లాడికి నేను అప్పటికే గాలిపటం ఎగరేయడం నేర్పేస్తున్నాను. కళ్లు తెరిచేసరికి సాయంత్రమైంది, గుడ్డ నా చేతిలోనే ఎండిపోయింది.

గురువారం పొద్దున వెళ్లి చూస్తే ఘాటు అలాగే ఉంది. వాళ్లు రావడానికి అరగంటే టైముంది. అప్పుడు నా బుర్రకొక మహత్తరమైన ఆలోచన తట్టింది: సాంబ్రాణి! కొబ్బరి చిప్పలు కాల్చి నిప్పులు చేసి, పైకి తీసుకెళ్లాను. మూలన బాండీ కనబడింది. అడుగున ఏదో చెత్త ఉంది. ఉంటే ఉందిలే, నిప్పులకు కింద మెత్తగా ఉంటుందనుకున్నాను. ఆ చెత్త ఏమిటో, అక్కడ పెట్టిన మహానుభావుడెవరో ఒక్క క్షణం ఆలోచిస్తే నా సొమ్మేం పోయేది? నిప్పులు పోసి, గుప్పెడు సాంబ్రాణి చల్లాను. తెల్లటి పొగ, గుడిలో నిలబడ్డట్టు వాసన. ఆ సువాసన గోడలకు బాగా పట్టాలని కిటికీలన్నీ మూసి, తలుపు గట్టిగా వేసి కిందికి వచ్చాను.

వాళ్లు వచ్చారు. ముందు కోటమ్మ గారు, వెనక పాలగిన్నెతో ఉమ గారు, ఆవిడ భర్త, పక్కన కొత్త చీర కట్టుకున్న పద్మ. నేను పెళ్లికొడుకులా ముందు నడిచి, తలుపు మీద చెయ్యి వేసి, "పెద్దమ్మగారూ, ఒక్కసారి కళ్లు మూసుకుని గుండెల నిండా ఊపిరి పీల్చుకోండి" అని తలుపు తీశాను.

ఆవిడ పాపం, పీల్చుకున్నారు.

తర్వాతి పది నిమిషాలు ఎవరూ తెలుగులో మాట్లాడలేదు. దగ్గులు, తుమ్ములు, అమ్మో అయ్యో. మెట్ల మీద ఎవరి కాలు ఎవరు తొక్కారో తెలియదు. వీధిలో ఆటో ఆగిపోయింది, ఎదురింటివాళ్లు కొంగులు నోటికడ్డం పెట్టుకుని బయటకొచ్చారు. పొమ్మనలేక పొగబెట్టినవాళ్లు లోకంలో చాలామంది. దయచేయండని పిలిచి పొగబెట్టినవాణ్ణి నేనొక్కణ్ణే.

పద్మ ఉమ గారి చేతిలోని పాలగిన్నె వంకే చూస్తోంది. ఆ కళ్లలో నీళ్లు మిరప ఘాటుకా, మరిదేనికా అని నాకు తెలియకపోలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. "తప్పు నాదేనండీ, తాలుకాయల మీద నిప్పులు పోశాను, ఇంటిదేం దోషం లేదు" అన్నాను కోటమ్మ గారితో.

ఆవిడ ముక్కు చీది, కొంగుతో కళ్లు తుడుచుకుని, మేడ వైపు ఎగాదిగా చూశారు. "ఒసేయ్ ఉమా, దిష్టి ఉన్న చోట మిరపకాయలు కాలిస్తే చీమంత ఘాటు రాదే. ఇక్కడ ఊరు ఊరంతా దగ్గుతోంది. ఇంత శుభ్రమైన ఇల్లు మళ్లీ దొరకదు. ఆ పొగ పోనిచ్చి పాలు పొయ్యి మీద పెట్టు" అన్నారు.

పాలు పొంగాయి. పద్మ సంతోషం కూడా. ఎనిమిదేళ్లయింది, వాళ్లిద్దరి కబుర్లు ఈనాటికీ తెమల్లేదు.

నేను మాత్రం ఆ రోజే మా ఇంటి గడప మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో అడుగున ఏముందో చూడకుండా ఏ పాత్రలోనూ నిప్పు పోయను, తలుపు తీస్తూ ఏ పెద్దావిడనూ ఊపిరి పీల్చుకోమనను. కానీ ఆ ఒట్టు నిలబడేలా లేదండీ. వీధిలో ఎవరు ఇల్లు మారుతున్నా కోటమ్మ గారు ముందే వెళ్లి, "దిష్టి సంగతి తేల్చుకుని మరీ చేరండమ్మా, మా కిందింటి అబ్బాయిని పంపిస్తాను" అని మాటిచ్చి వస్తున్నారు.