పదో ముక్క

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలం, మా పెద్దనాయిన చర్చికి ఇచ్చిన గోధుమపిండిలో సోడా కలిపాను. అల్లరికి కాదు. బాగా ఆలోచించి, నోటుబుక్కులో వరుసగా రాసుకుని మరీ కలిపాను. తెలంగాణ వచ్చాక అది రెండో ఎండాకాలం. నాకు పదేళ్లు.

కారణం చెప్పాలి. మా బాపు, పెద్దనాయిన భూమి పంచుకున్నప్పుడు బోరు పెద్దనాయిన వాటాలోకి పోయింది. నీళ్లు మాత్రం చెరో రోజు అని మాట. మా వాటాలో బాపు అరవై రెండు బత్తాయి చెట్లు పెట్టాడు. ప్రతి చెట్టు మొదలుకూ సున్నంతో నంబరు వేసింది నేనే. ఆ ఏడు మా నల్లగొండ దిక్కు బోర్లలో నీళ్లు అడుగంటాయి. పెద్దనాయిన ఒకనాడు బోరు మోటారు స్టార్టరు డబ్బాకు తాళం వేశాడు. బాపు వెళ్లి అడిగినప్పుడు నేను పక్కనే ఉన్నాను.

"అన్నా, ఒక్క తడి ఇయ్యి. చెట్లు కాయ మీదున్నయి."

"బోరు నా జాగల ఉన్నది, చెట్లు నీ జాగల ఉన్నయి. పోయి నీ చెట్లనే అడుగు నీళ్లు."

అక్కడున్న నలుగురూ నవ్వారు. బాపు తల వంచుకుని వెనక్కి వచ్చాడు. ఆ రాత్రి నుంచి ఎండిన చెట్ల నంబర్లు రాయడం మొదలుపెట్టాను. ముందు ఏడో నంబరు, తర్వాత ఎనిమిది, తర్వాత పదకొండు. ఈస్టర్, అంటే మా పాస్కా పండుగ దగ్గరపడే నాటికి నలభై ఒక్క నంబర్లయ్యాయి.

మా రెండు ఇళ్లదీ ఒకటే చర్చి. పెద్దనాయిన ఎప్పుడూ ముందు వరసలో ఉంటాడు. ఏసుక్రీస్తు శిష్యులతో కడపటి భోజనం చేసిన రోజును తలచుకునే పవిత్ర గురువారం నాడు, మేము ఐదుగురు పిల్లలం మొదటిసారి దివ్యసత్ప్రసాదం తీసుకోవాలి. దానికోసం ఆ వారం కాన్వెంటులో మాకు క్లాసు. గురువారం పూజలో సత్ప్రసాదంగా పంచే అప్పాలకు పిండి మా పెద్దనాయిన ఇస్తున్నాడని ఫాదర్ ఆదివారం అందరి ముందూ చెప్పారు. పెద్దనాయిన వెనక్కి తిరిగి చూశాడు. ఆ చూపు మా బాపు కోసమే అనిపించింది.

అప్పాలు చేసేది కాన్వెంటులో ఉండే పెద్ద సిస్టరమ్మ. గోధుమపిండి, నీళ్లు, అంతే. ఉప్పు కూడా వేయదు. ఆ పిండిని జారుగా కలిపి, సిలువ గుర్తులు చెక్కిన రెండు ఇనుప పలకల మధ్య పోసి కాలుస్తుంది. కాగితమంత పలచగా వచ్చిన రేకులోంచి గుండ్రంగా అప్పాలు కోస్తుంది. మిగిలిన అంచులు పిల్లలకు పెడుతుంది. పూజకు పోని ఆ అంచుల కోసం మేము కొట్టుకునేవాళ్లం.

నా నోటుబుక్కులో నాలుగు మెట్లు ఉన్నాయి. ఒకటి, అమ్మ మిరపకాయ బజ్జీలకు వాడే తినే సోడా పొట్లం తీసుకోవడం. రెండు, సోమవారం క్లాసు మధ్యలో నీళ్లకని లేచి కాన్వెంటు కొట్టుగదిలోకి వెళ్లడం. మూడు, పెద్దనాయిన పేరు రాసిన సంచిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి కలపడం, మిగిలిన సోడా పచ్చడి జాడీ వెనక దాచడం. నాలుగు, అప్పాలు ఉబ్బి ఎర్రబడతాయి, ఈ పిండి ఎవరిదని ఫాదర్ అడుగుతారు, పెద్దనాయిన తల వంచుకుంటాడు. ఆ ఆఖరి మాట కింద రెండు గీతలు గీశాను.

మంగళవారం మేము క్లాసుకు వచ్చేసరికి పెద్దనాయిన పిండితో మొదటి పలక కాలుతోంది. కిటికీలోంచి చూశాను. రేకు బొబ్బలెక్కి పసుపుపచ్చగా వచ్చింది. సిస్టరమ్మ ఒక ముక్క విరిచి నమిలి, చేతిలోకి ఊసింది. ఎవరి వంకా చూడలేదు. పొయ్యి ఆర్పి, చెయ్యి కడుక్కుని, వచ్చి మా మధ్య కూర్చుంది.

ఆ రోజు ఆమె యూదుల గురించి చెప్పింది. ఐగుప్తులో బానిసలుగా ఉన్నవాళ్లు గొర్రెపిల్ల రక్తం ద్వారబంధాలకు పూసి, ఒక్క రాత్రిలో బయలుదేరవలసి వచ్చింది. కలిపిన పిండి పులిసేదాకా ఆగే వ్యవధి లేక అట్లాగే భుజాన వేసుకుని నడిచారు. అందుకే వాళ్లు ఏటా పాస్కాకు పులియని రొట్టె తింటారు. ఏసు కూడా యూదుల ఇంట పుట్టి పెరిగినవాడే. ఆ గురువారం ఆయన చేతిలోకి తీసుకుని "ఇది నా శరీరం" అన్నది ఆ పండుగ రొట్టెనే. మన అప్పం పులియనిది కావడం అక్కడి నుంచి వచ్చింది. పండుగకు ముందు యూదుల ఇళ్లల్లో పులిసిన పిండి రవ్వంత కూడా మిగలకూడదు. పెద్దవాళ్లు పది రొట్టె ముక్కలు అక్కడక్కడ పెడితే, పిల్లలు దీపంతో వెతికి, ఈకతో ఊడ్చి తీస్తారు. మర్నాడు వాటిని కాల్చేస్తారు.

"ఆళ్లు పొద్దుగూకినంక చేస్తరు. మనకు కొట్టుగది చీకటే గదా, నడువుండ్రి," అంది. మాకొక కొవ్వొత్తి, కోడి ఈక ఇచ్చింది. గదిలో పది ఉన్నాయని చెప్పింది.

మాలో పెద్దనాయిన బిడ్డ కూడా ఉంది. నాకంటే ఆరు నెలలు పెద్దది. ఆ ఆరు నెలలకే నేను అక్కా అనాలి. బియ్యం డబ్బా మీద, చాట కింద, గూట్లో, ఇట్లా తొమ్మిది బన్ను ముక్కలు దొరికాయి. పదోది దొరకలేదు.

"సిస్టరమ్మా, లెక్క తప్పినవా ఏంది?" అని అక్క అడిగింది.

"పది ఉన్నయని అన్న. పది పెట్టిన అని అన్ననా? నేను పెట్టింది తొమ్మిదే."

అక్క కొవ్వొత్తి పట్టుకుని జాడీ వెనకకు వంగింది. పొట్లం తీసింది.

"గిది సోడా కదా. రొట్టె కాదు."

"పిండిని పొంగించేది ఏదైనా గిండ్ల ఉండొద్దు బిడ్డా. దొరికింది, సాలు. మీరు పోయి అంచులు తినుండ్రి, నిన్నటియి గిన్నెల ఉన్నయి. నువ్వు ఆగు, కొవ్వొత్తి పట్టు," అని నన్నొక్కణ్ణి ఆపింది.

ముందు రోజు క్లాసు మధ్యలో నీళ్లకని లేచింది నేనొక్కణ్ణేనని ఆమెకు గుర్తుంది. తిడుతుందనుకున్నాను. ఆమె పీట వేసుకుని కూర్చుంది. నేనే మొదలుపెట్టాను. "ఆయన మా చెట్లను ఎండగొట్టిండు. నలభై ఒకటి. ఆయన పిండి అప్పమెట్ల అయితది?"

"పీఠం మీదికి పోయినంక అది ఎవరి పిండి కాదు రా. క్రీస్తు శరీరం. నీ పెద్దనాయినది కాదు, నీది కాదు. తనను పట్టిచ్చే శిష్యునికి సుత ఏసు ఆ రాత్రి తన చేతితోటి ముక్క ముంచి ఇచ్చిండు. తెలిసే ఇచ్చిండు."

"ఇస్తే ఏమైంది? తిని పోయి పట్టిచ్చిండు గదా."

"నిజమే. తిన్నడు, పోయిండు," అంది. "నిన్ను మాఫ్ చెయ్యమంటలేను. నీ కొట్లాట స్టార్టరు డబ్బా కాడ పెట్టుకో. మూడు వందల మంది తినే దాంట్ల పెట్టకు."

తర్వాత రెండు పనులు చెప్పింది. కలిసిన సోడా తిరిగి తీయలేం కనుక ఆ పిండి అప్పానికి పనికిరాదు. ఇంట్లో నిజం చెప్పి కొత్త పిండి తేవాలి. ఇక రెండోది. "పెద్దనాయినకు సుత నువ్వే చెప్పాలె. ఇప్పుడు కాదు. నవ్వు రాకుంట చెప్పగలిగిననాడు చెప్పు. నవ్వొచ్చిందంటే లోపట ఇంకా సోడా ఉన్నట్టే."

అమ్మ ఒక్క దెబ్బ వేసింది. తర్వాత పిండిని రెండుసార్లు జల్లించింది. "మనింటి పిండిల నలక ఎల్లిందంటే ఇజ్జత్ పోతది," అంది. బుధవారం సిస్టరమ్మ పెద్దనాయిన పిండితో బెల్లం బోండాలు చేసింది. సోడాకు అవి బాగా పొంగాయి. అప్పాలకు పోను మిగిలిన పిండి అనుకుని అక్క నా చేతిలో రెండు పెట్టి, "తిను, మా ఇంటి పిండి," అంది. తిన్నాను. బాగున్నాయి. అది నాకు నచ్చలేదు.

గురువారం వరసలో పెద్దనాయిన నా ముందు నిలబడ్డాడు. "గీ అప్పం నా పిండితోటిదే," అని పక్కాయనతో అంటుంటే విన్నాను. ఫాదర్ "క్రీస్తు శరీరం" అన్నారు. పెద్దనాయిన "ఆమెన్" అని నోరు తెరిచాడు. మా అమ్మ జల్లించిన పిండి ఆ నోట్లోకి పోయింది. ఒక్క తడి నీళ్లియ్యని మనిషి మా ఇంటిది తింటున్నాడు, తింటున్నట్టు ఆయనకే తెలియదు. ఆయన దవడ కదలడం చూస్తూ ఉంటే నాకు కలిగినంత సంతోషం అంతకు ముందు ఎప్పుడూ కలగలేదు. వెంటనే నా వంతు వచ్చింది. అదే పాత్రలోంచి, అదే చేతితో, అదే అప్పం. నా నాలుక మీద అంటుకుని చాలాసేపు కరగలేదు.

ఇప్పుడు నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి మోటార్లు, స్టార్టర్లు బాగుచేస్తున్నాను. మా చేనులో మాకు వేరే బోరు ఉంది. మిగిలిన ఇరవై ఒక్క చెట్లు కాస్తున్నాయి. సిస్టరమ్మ ఎప్పుడో బదిలీ అయిపోయింది. ఏటా పవిత్ర వారంలో తలుపు వేసుకుని, నాలో ఏమేం దాగి ఉన్నాయో వెతుక్కుని కాగితం మీద రాస్తాను. కొన్ని కొట్టేస్తాను. పదోది మాత్రం ఎప్పుడూ ఒకటే, ఆ గురువారం నాటి సంతోషం.

పోయిన పాస్కా ముందు పెద్దనాయిన స్టార్టరు కాలిపోతే నన్నే పిలిచాడు. అదే డబ్బా. కొత్త కాయిల్ వేస్తుంటే పక్కన కూర్చుని టీ ఇప్పించాడు. మనిషి చిక్కిపోయాడు, చూపు సరిగా ఆనడం లేదు. "నీ మొదటి సత్ప్రసాదం యాదికున్నదారా? ఆనాడు అందరు తిన్నది నా పిండే," అన్నాడు.

చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. "పెద్దనాయినా," అని మొదలుపెట్టాను. నా పెదవి నవ్వుకు ఒక పక్కకు కదలడం నాకే తెలిసింది. డబ్బాలోకి తల వంచి, బిగించిన స్క్రూనే మళ్లీ బిగించాను.