బసమ్మ వేసిన ముడులు

బసమ్మ గాలిని కట్టేసిందని ఆ ఏడు కోయిలకుంట్ల నేత వీధిలో అందరూ చెప్పుకున్నారు. మిద్దె మీద కర్ర పాతి, దానికి నూలు పోగులు వేలాడదీసి, ఎర్ర దారానికి ముడి మీద ముడి వేస్తోందట. దసరా వెళ్లాక వీధిలో ఆకు కదలకపోవడానికి అదే కారణమట. ఈ మాట మొదట అన్నది ఎదురింటి సిద్దమ్మ. ఆమె నవ్వుతూనే అంది. వీధి చివరికి చేరేసరికి నవ్వు రాలిపోయి మాట ఒక్కటే మిగిలింది.

అది విన్నప్పుడల్లా కోడలు శివలీలకు జవాబు నోటిదాకా వచ్చి ఆగిపోయేది. అత్త ముడులెందుకు వేస్తోందో చెప్పాలంటే మామ కంటి సంగతి చెప్పాలి. అది గడప దాటి, చీరలు నేయించే షావుకారు చెవిన పడకూడదు.

చిన్నప్పుడు దెబ్బ తగిలిన గురప్ప ఎడమ కన్ను ఆ వేసవిలో పూర్తిగా మసకబారింది. వెలుతురు బాగుంటే కుడి కంటితో పని చేసుకోవచ్చని డాక్టరు అన్నాడు. మగ్గం గదికి కిటికీ ఒక్కటే. మధ్యాహ్నం మూడు దాటితే బల్బు లేనిదే అంచు పోగులు కనపడవు. కరెంటు పోయేది సరిగ్గా ఆ వేళకే. కిరసనాయిలు దీపం కింద నేసిన చీర ఒకటి అంచు తప్పిందని షావుకారు కేశవయ్య వెనక్కి ఇచ్చాడు.

"ఇంగొకటి ఇట్ల వస్తే నీకు అంచు చీరలు ఇయ్యనప్పా గురప్పా" అన్నాడు.

నలభై ఏళ్లుగా గురప్ప నేసింది అంచు చీరలే.

అందుకే ఆషాఢంలో ఇంటిల్లిపాదీ నంద్యాల వెళ్లి దీపాల కొట్టు చూశారు. ఎండతో పనిచేసే పలక ఒకటి, గాలికి తిరిగే చిన్న ఫ్యాను ఒకటి. రెండూ బ్యాటరీని నింపుతాయి. నిండిన బ్యాటరీ మూడు రోజులు దీపం వెలిగిస్తుంది. రెండింటిలో ఒక్కటే వాళ్లు కొనగలరు.

కొట్టు మిద్దె మీద ఫ్యాను గిర్రున తిరుగుతోంది. బసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల పైకెత్తి చూస్తూ నిలబడిపోయింది.

"ఫ్యానే తీసుకుందామమ్మా. మన వీధిలో గాలికేం తక్కువ? పడుగు సాపితే సాలు, పోగులు పటపటా తెంపుతాండాది" అన్నాడు కొడుకు మునీంద్ర.

నేత వీధిలో ఎవరిని అడిగినా అదే అంటారు. పడుగు పోగులను వీధి పొడవునా చాపి గంజి పట్టించేవాళ్లకు గాలితో ఎప్పుడూ తగాదానే. తెగిన ప్రతి పోగూ గుర్తుంటుంది. గాలి లేని రోజు పని సాఫీగా సాగిపోతుంది కాబట్టి ఆ రోజు ఎవరికీ గుర్తుండదు.

"పుష్యమాసం పోయేదాకా చూద్దాం" అంది బసమ్మ.

"అంతదాకా నాయన గుడ్డిదీపం కిందనే నేయల్లనా?"

"ఆయన పొద్దున పూటే నేస్తాడు. సందేళ నువ్వు నేయి."

"మంచిదేలే, నేను ఆఫీసరు మాదిరి సందేళ కుర్చీలో కూసుంటా" అన్నాడు గురప్ప.

మర్నాటి నుంచి బసమ్మ పొద్దున, మధ్యాహ్నం, దీపాల వేళ మిద్దె ఎక్కేది. కర్రకు కట్టిన పోగులు మూడుసార్లూ కదలకపోతే ఎర్ర దారానికి ఒక ముడి. తడిపి ఆరేసిన నూలు సాయంత్రానికి ఆరకపోతే ఆ రోజు ఎండ చాలనట్టే, తెల్ల దారానికి ఒక ముడి. ఆమెకు రాయడం రాదు; ముడి పడినా పడకున్నా రోజుకు ఒక వేలి వెడల్పు దారం, అదే ఆమె లెక్క. వీధికి కనపడింది ఎర్ర దారమే.

"ఏమక్కా, గాలంతా నువ్వే కట్టేస్తే మేం యాడ పడుకోవల్ల?" అని అరిచింది సిద్దమ్మ కింది నుంచి.

"మూట గట్టి పంపిస్తాలే, మీ ఇంట్లో ఇప్పుకో!"

పుష్యం వెళ్లాక బసమ్మ రెండు దారాలూ తెచ్చి భర్త ఒళ్లో వేసింది. గురప్ప కళ్లు మూసుకుని వేళ్లతో తడుముతూ పోయాడు. ఎర్ర దారం మొదట్లో నున్నగా జారింది. దసరా దాటాక ముడులు మొదలయ్యాయి. ఒకచోట వేళ్లు ఆగాయి. ఒకదాని పక్కన ఒకటి, తొమ్మిది.

"మూడు దినాల బ్యాటరీ. తొమ్మిది దినాలు గాలి లేదు" అన్నాడు మెల్లగా.

తెల్ల దారం మీద మొత్తం పదకొండే. రెండుకు మించి ఎక్కడా వరసగా లేవు. మునీంద్ర తానూ ఒకసారి తడిమి చూసి, "అయితే పలకే" అన్నాడు.

మాఘంలో మిద్దె మీద పలక, మగ్గం మీద దీపం వచ్చాయి. గురప్ప మళ్లీ సాయంత్రాలు మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్నాడు. మొదటి చీరను కేశవయ్య కొట్లో పూర్తిగా పరిచి, అంచు వెంట ఈ కొస నుంచి ఆ కొసదాకా నడిచాడు. ఇంకో రెండు అంచు చీరలకు నూలు కట్టి ఇచ్చాడు.

ఎండలు ముదిరాక వీధిలో మళ్లీ గాలి వీచింది. పలక రాగానే బసమ్మ గాలిని విప్పేసిందన్నారు.

శివలీల చూసింది వేరు. పోగులు కదలకుండా వేలాడిన సాయంత్రాల్లో అత్త వెంటనే ముడి వేసేది కాదు. చుట్టుపక్కల మిద్దెల మీద ఎవరూ లేరని చూసుకుని, బుగ్గలు పూరించి ఆ పోగుల మీద ఉఫ్ఫని ఊదేది. ఆ ఇంట్లో ఫ్యాను మీద అందరికంటే ఎక్కువ మనసు పడింది బసమ్మే.