వెన్న అంటిన వేలు

చలికి పెదవులు పగిలినప్పుడల్లా, మా ఆవిడకు నాయనమ్మ అయిన, ఇప్పుడు లేని జేజి చూపుడువేలు గుర్తొస్తుంది. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు పెళ్లిచూపులకు వెళ్లిన నేను, మంట తట్టుకోలేక పగిలిన పెదవులు నాక్కుంటూ కూర్చున్నాను. ఆకలేస్తోందనుకుని జేజి కారం బొరుగులు మళ్లీ మళ్లీ పెట్టింది. మర్యాద కోసం తిన్నాను. మంటెక్కి ఇంకా నాక్కున్నాను. చివరికి దగ్గరికొచ్చి నా మూతి పరీక్షగా చూసింది.

“ఏందప్పా, నాకేకొద్దీ ఇంకా పగుల్తాయి! నాలిక లోపల పెట్టుకో,” అంటూ అందరి ముందే వేలితో వెన్న పూసింది.

శానా కమ్మగా ఉంది. దాన్నీ నాకేశాను.

పిల్లోడు ఎట్లుండాడని లోపల ఎవరో ఆమెను అడగడం వినిపించింది.

“పెట్టింది తింటాడు, పూసింది గూడా తింటాడు. వంట విషయంలో మన పిల్లకు దిగులు లేదు!”