బిళ్ళలిచ్చింది నేనేనన్న పెద్దమ్మ

మొన్న మంగళవారం బడిలో పిల్లల హాజరు తీసుకుంటుండగా అమ్మ ఫోన్ చేసింది. "పెద్దమ్మ పోయిందే" అంది. గుండె ఆగిపోయిందని నరసరావుపేట డాక్టర్లు చెప్పారట.

ఆమెతో మాకు చుట్టరికం లేదు. శావల్యాపురంలో మా పక్కిల్లు. ఆడవాళ్ళ కూలి ముఠాకు మేస్త్రి. మిరప కోతలకూ పత్తి తీతలకూ పాతిక మందిని పోగేసి ఆటోల్లో ఎక్కించుకెళ్ళేది. అందరికీ పెద్దమ్మే.

నేను వెళ్ళేసరికి వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. ఆమె తోడికోడలు నన్ను పక్కకు లాగింది. "నువ్వు రాసేదానివి గదా. ఆమె గురించి రాస్తే ఆ బిళ్ళల సంగతి మాత్రం రాయమాక. పోయిన మనిషి పరువమ్మా" అంది. తల ఊపాను గానీ మాటివ్వలేదు. ఆ సంగతి తీసేస్తే పెద్దమ్మలో సగం మనిషి కూడా మిగలదు. అందుకే రాస్తున్నాను.

మేస్త్రి అయినా గట్టు మీద నిలబడి అజమాయిషీ చేసేది కాదు. అందరికన్నా నెమ్మదిగా కోసే మనిషి పక్క సాలు పట్టేది. తన సాలు కోస్తూనే ఆమె సాల్లో నాలుగు చెట్లు కోసి పెట్టేది. "నోరు తెరిచి అడుగు, కొడతారా ఏంది?" అనేది ఎవరు దేనికి నసిగినా.

ఒకసారి మిరపకాయల టిక్కీ బస్తా ఎత్తుతుండగా నడుం పట్టేసింది. నరసరావుపేట ఆస్పత్రిలో కండరాలు వదులయ్యే బిళ్ళలు పది రోజులకు రాసి, మళ్ళీ వచ్చి చూపించుకోమన్నారు. ఆమె వెళ్ళలేదు. ఆ చీటీనే మడిచి పెట్టుకుని, అయిపోయినప్పుడల్లా మందుల షాపులో చూపించేది. వాళ్ళు తేదీ చూడకుండా ఇచ్చేవాళ్ళు. అట్లా రెండేళ్ళు. రోజుకొకటి కాస్తా మూడయ్యాయి. తర్వాత ముఠాలో ఎవరు నడుం పట్టుకున్నా ఒకటి తుంచి చేతిలో పెట్టేది. "ఏసుకో, పొద్దుగూకేదాకా వంగినా తెలవదు" అనేది. ఎవరికీ తప్పనిపించలేదు. డాక్టరు రాసిన మందే గదా! కోత కూడా తొందరగా అయ్యేది. రైతు మెచ్చుకునేవాడు.

ఆ రెండో ఏడు మార్చిలో మా అమ్మకు జలుబు. పొద్దున్నే దగ్గు మందు తాగి చేనుకు వెళ్ళింది, మత్తు వచ్చే రకం. నడుం లాగుతోందంటే పెద్దమ్మ ఒక బిళ్ళ ఇచ్చింది. తగ్గలేదంటే ఇంకొకటి ఇచ్చింది. అన్నాలు తిన్నాక అమ్మ సాళ్ళ మధ్య ఒరిగిపోయింది. పిలిస్తే నాలుక మడతపడుతోంది. కాసేపటికి అదీ లేదు. ఎండదెబ్బ అనుకుని అందరూ నీళ్ళు కొట్టారు. రైతు తన బండిలో పేటకు తెచ్చాడు.

నేను అప్పుడు పేటలోనే టీచర్ ట్రైనింగ్ చదువుతున్నాను. ఫోను రాగానే వాళ్ళకన్నా ముందే ఆస్పత్రి గేటు దగ్గరికి చేరాను. బండి దిగుతూనే రైతు గొంతు తగ్గించి అన్నాడు. "ఎండదెబ్బనే చెప్పండి. బిళ్ళలంటే పోలీసు కేసయిద్ది. అందరం ఇరుక్కుంటాం."

పెద్దమ్మ అతన్ని మోచేత్తో నెట్టేసి లోపలికి పోయింది. బొడ్లో నుంచి బిళ్ళల షీటు తీసి డాక్టరు చేతిలో పెట్టింది.

"ఎండ కాదయ్యా, ఇయ్యి. రెండేసుకుంది. పొద్దున దగ్గు మందు తాగింది. ఇచ్చింది నేనే. రాసుకో."

డాక్టరు ఎప్పుడు వేసుకుందో అడిగి, వెంటనే ఆక్సిజన్ పెట్టించాడు. మత్తు మీద మత్తు చేరి ఊపిరి మందగించిందనీ, సంగతి దాచి ఉంటే ఎండదెబ్బ వైద్యంలోనే సమయమంతా పోయేదనీ తర్వాత చెప్పాడు.

వరండాలో నేను ఆమె మీద పడ్డాను. "మా అమ్మకేమన్నా అయితే నిన్ను వదల్ను పెద్దమ్మా!"

"వదలమాక" అంది. అంతే. తెల్లారి అమ్మ కళ్ళు తెరిచేదాకా ఆ గోడ పక్కనే నిలబడింది. ఎవరు కూర్చోమన్నా కూర్చోలేదు.

ఇంటికెళ్ళి తన బిళ్ళలన్నీ పొయ్యిలో వేసింది. మూడో రోజుకు చేతులు వణికాయి. గోడ మీద మనుషులు కనపడుతున్నారంది. ఫిట్స్ వచ్చాయి. మళ్ళీ అదే ఆస్పత్రి. ఏళ్ళ తరబడి వాడిన మందును ఒక్కసారిగా ఆపితే ఒళ్ళు తిరగబడుతుందనీ, డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించాలనీ అదే డాక్టరు కోప్పడ్డాడు. "మింగేటప్పుడు నీ మాట ఇనలా, మానేటప్పుడూ ఇనలా. ఇప్పుడు చెప్పయ్యా, ఇంటా" అంది. నెలలు పట్టింది మానడానికి.

కాస్త లేచి తిరగగానే మందుల షాపుకు వెళ్ళి, జనం ఉండగానే ఆ పాత చీటీ బల్ల మీద పరిచింది. "దీని మీద తేదీ ఎప్పటిదో సదువు."

"నువ్వడిగితే ఇచ్చానమ్మా" అన్నాడు షాపతను.

"అడిగిందల్లా ఇచ్చేదానికి నువ్వెందుకు? కిరాణా కొట్టు చాలదా?"

మరుసటి ఏడు కోతలకు రైతు వచ్చి పిలిస్తే ఒకటే మాట చెప్పింది. "మధ్యాహ్నం గంటసేపు మావోళ్ళు నడుం వాలుస్తారు. బిళ్ళ మింగి వంగే నడుములు కావాలంటే ఇంకో ముఠాను చూసుకో."

"రొంపిచెర్ల నుంచి ముఠాను తెచ్చుకుంటా" అన్నాడు రైతు.

"తెచ్చుకో. ఆళ్ళకీ ఇదే చెబుతా."

రెండు వారాలు మా వీధికి ఆటో రాలేదు. పనులు పోగొట్టిందని ఆడవాళ్ళు ఆమెను తిట్టారు. మా అమ్మ మాత్రం రోజూ వెళ్ళి ఆమె అరుగు మీద కూర్చునేది. చివరికి రొంపిచెర్ల వాళ్ళూ రాక, చేలో కాయ ఎండి రాలుతుంటే రైతే కబురంపాడు. గంట విరామం ఒప్పుకున్నాడు.

అమ్మ క్షమించినంత తొందరగా నేను క్షమించలేకపోయాను. ఏడాదిపాటు మాట్లాడలేదు. ఆమె ఒక్కసారి కూడా బతిమాలలేదు. ఎదురుపడితే మాత్రం తల దించుకోకుండా చూసేది. చేసిన తప్పును ఊరందరి ముందూ తన నోటితో చెప్పుకున్న మనిషిని ఎన్నాళ్ళని దూరం పెట్టగలం? పెళ్ళి కుదిరినప్పుడు మొదటి శుభలేఖ ఆమెకే ఇచ్చాను.

ఆ బిళ్ళలే ఆమె ప్రాణం తీశాయని వాకిట్లో ఎవరో గొణిగారు. కాదు. మానేసి ఏళ్ళయింది. అయినా ఆ బిళ్ళల సంగతి దాచాల్సిందేనంటే నేను ఒప్పుకోను. ఇప్పటికీ మా ఊళ్ళో బొడ్లో పాత చీటీ పెట్టుకుని తిరిగేవాళ్ళున్నారు. ఒకరి మందు ఇంకొకరికి తుంచి పెట్టేవాళ్ళున్నారు. వాళ్ళకు ఆమె పరువు కన్నా ఆమె కథే ఎక్కువ అవసరం.

పోయిన నెల ఊరికెళ్ళినప్పుడు రోడ్డు మీద కనిపించింది. నడుం మీద చెయ్యేసుకుని, ఒక పక్కకు ఒరిగి నడుస్తోంది. స్కూటీ ఆపి ఎక్కమన్నాను.

"డాక్టరు నడవమన్నాడు. నువ్వు పో" అంది.

కొంచెం దూరం వెళ్ళి అద్దంలో చూశాను. నడిరోడ్డు మీద తన అడుగులు తను వేసుకుంటూ వస్తోంది. వెనక ఒక ఆటో హారన్ మోగించి మోగించి, చివరికి ఆమె నడకకు తగ్గట్టు మెల్లగా కదులుతోంది.